దుకాణానికి స్టాటిక్ ఐపీ తీసుకోవాలా? ముందు రూటర్‌లో ఒక నంబర్ చూడండి

నమస్తే అన్నా. పరకాలలో మీ ఎరువుల దుకాణం, హనుమకొండలో ఇల్లు. ఇంట్లో కూర్చుని దుకాణం సీసీ కెమెరాలు చూడాలి, రాత్రి పూట ట్యాలీ తెరిచి లెక్కలు సరిచూడాలి. నెట్ పెట్టిన అబ్బాయి "స్టాటిక్ ఐపీ లేకుండా కాదు, ఇంటికీ దుకాణానికీ రెండింటికీ తీసుకోండి" అన్నాడు. కట్టాలా వద్దా అని మీరు అడిగారు.

ఇంటికి అసలే వద్దు. దుకాణానికి కూడా ఇప్పుడే కట్టకండి. మీరు చెప్పిన రెండు పనులూ అది లేకుండా అవుతాయి.

మాది ఎనుమాముల మార్కెట్ దగ్గర మిర్చి కమీషన్ దుకాణం. బయట వ్యవహారం అన్నయ్య చూసుకుంటాడు, లెక్కలు, కంప్యూటర్లు నావి. ఆరేళ్ల కింద నాకూ ఇదే అవసరం పడి స్టాటిక్ ఐపీ తీసుకున్నాను. దానివల్ల మేలూ జరిగింది, మర్చిపోలేని నష్టమూ జరిగింది. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ఐపీ అంటే నెట్‌లో మీ కనెక్షన్‌కు ఉండే అడ్రస్ నంబర్. స్టాటిక్ ఐపీ అన్న ఒక్క మాటలో రెండు వేరే సంగతులు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి, మీ నంబర్ మారకుండా ఉండటం. రెండోది, ఆ నంబర్ బయటి ప్రపంచానికి నేరుగా కనిపించడం. మనకు కావాల్సింది ఎక్కువసార్లు రెండోదే, కానీ అందరం మొదటిదాని గురించే మాట్లాడుకుంటాం.

మార్కెట్ యార్డు గేటు తలుచుకోండి. లోపల వందల దుకాణాలు, బయటికి ఒక్కటే గేటు. మా దుకాణం నుంచి బండి బయటికి పోతే గేటు దగ్గర రాసుకుంటారు, అదే బండి తిరిగొస్తే మా దుకాణానికే పంపిస్తారు. కానీ ఎవరో కొత్త మనిషి గేటు దగ్గరికి వచ్చి, ఏ దుకాణమో చెప్పకుండా "సరుకు తెచ్చాను" అంటే గేటు మనిషి ఎటు పంపాలి? వెనక్కి పంపేస్తాడు. ఇప్పుడు చాలా ఇళ్ల ఫైబర్ కనెక్షన్లు ఇలాగే ఉన్నాయి. వందల ఇళ్లకు కలిపి బయటికి ఒకటే నంబర్. మీరు బయటికి వెళ్లి యూట్యూబ్ చూడొచ్చు, ఫోన్‌పే కొట్టొచ్చు, అన్నీ నడుస్తాయి. బయటి నుంచి మీ దుకాణం కంప్యూటర్‌ను వెతుక్కుంటూ వచ్చేది మాత్రం గేటు దగ్గరే ఆగిపోతుంది. దీన్ని సీజీనాట్ అంటారు.

నెట్ కంపెనీలు కావాలని చేసే మోసం కాదు ఇది. పాత పద్ధతి ఐపీ నంబర్లు, అంటే ఐపీవీ4, ప్రపంచం మొత్తానికి కలిపి దాదాపు 429 కోట్లే. 2011 ఫిబ్రవరిలో ప్రపంచ నిల్వ అయిపోయింది, ఏప్రిల్ నాటికి మన ఆసియా-పసిఫిక్ ప్రాంతానికి 103తో మొదలయ్యే చివరి కట్ట మిగిలింది. అందులోంచి ఒక్కో సంస్థకు మొదట 1,024 నంబర్లకు మించి ఇవ్వలేదు. 2019లో ఆ పరిమితి 512కు తగ్గింది. మన జిల్లాల్లో ఊరూరా వైరు లాగిన చిన్న కంపెనీల నంబర్లు 103తో మొదలవడం మీరు చాలాసార్లు చూస్తారు, కారణం ఇదే. వెయ్యి నంబర్లతో వేల ఇళ్లకు నెట్ ఇవ్వాలంటే గేటు పెట్టక తప్పదు. మీకంటూ ఒక నంబర్ విడిగా ఇస్తే దానికి డబ్బులు అడగడంలో న్యాయం ఉంది.

మీది ఏ రకమో ఐదు నిమిషాల్లో తెలుస్తుంది. దుకాణం వైఫైకి కలిసి, బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టండి. కొన్ని రూటర్లకు ఈ నంబర్ వేరే ఉంటుంది, డబ్బా కింద స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. లోపలికి వెళ్లి వాన్ (WAN) స్టేటస్, అంటే బయటి లైను వివరాలు అన్నచోట ఐపీ అడ్రస్ చూడండి. తర్వాత అదే వైఫై మీద గూగుల్‌లో "వాట్ ఈజ్ మై ఐపీ" అని వెతకండి. రెండు నంబర్లూ ఒకటే అయితే మీరు బయటికి కనిపిస్తున్నట్టే. వేరేగా ఉండి, రూటర్‌లోది 10తో మొదలైనా, 100.64 నుంచి 100.127 మధ్య ఉన్నా మీరు గేటు లోపల ఉన్నారు. ఈ 100.64 వరుసను 2012లో ఈ పనికోసమే పక్కన పెట్టారు. స్టాటిక్ ఐపీ తీసుకోకముందు మా దుకాణంలో రూటర్ 100.72 అని చూపించింది, గూగుల్ 103 అని చూపించింది. ఒకవేళ మీ రూటర్‌లో 192.168 అని కనిపిస్తే, దానికి ముందు నెట్ వాళ్లు పెట్టిన ఫైబర్ డబ్బా కూడా రూటర్‌లాగే పనిచేస్తోందన్నమాట. అప్పుడు ఆ డబ్బా పేజీలో చూడాలి.

రెండూ ఒకటే అయి, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా నంబర్ మారుతుంటే డీడీఎన్‌ఎస్ చాలు. అది మీ కనెక్షన్‌కు ఒక పేరు పెడుతుంది. నంబర్ మారినా పేరు మారదు, పేరుతో వెతికితే కొత్త నంబర్ దొరుకుతుంది. ఉచితంగానే దొరుకుతుంది. సీజీనాట్ ఉంటే మాత్రం డీడీఎన్‌ఎస్ పనికిరాదు. నేను దాని మీద రెండు ఆదివారాలు పోగొట్టుకున్నాను. పేరు గేటు వరకే తీసుకొస్తుంది మరి.

ఇప్పుడు మీ కెమెరాల సంగతి. ఈ మధ్య వచ్చే డీవీఆర్‌లకు, అంటే కెమెరాల రికార్డింగ్ డబ్బాలకు, దాదాపు అన్నింటికీ కంపెనీ యాప్ ఉంటుంది, క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఫోన్‌లో కనిపిస్తుంది. ఇక్కడ డీవీఆర్ తనే బయటికి వెళ్లి కంపెనీ సర్వర్‌కు కలుస్తుంది, మీ ఫోన్ కూడా అక్కడికే వెళ్తుంది. గేటుతో పేచీ లేదు. స్టాటిక్ ఐపీ అక్కర్లేదు. చూడాల్సింది అప్‌లోడ్ స్పీడ్. ఇంకొకటి, డీవీఆర్ పాస్‌వర్డ్ పెట్టినతను పెట్టిందే ఉంచకండి. 2016లో మిరాయ్ అనే వైరస్ లక్షల కెమెరాలను, డీవీఆర్‌లను పట్టుకున్నది కంపెనీ పాస్‌వర్డ్‌లు మార్చకపోవడం వల్లే.

ఇక్కడే మీ నెట్ అబ్బాయి మాటలో ఒక తికమక ఉండొచ్చు. నేను స్టాటిక్ ఐపీ తీసుకున్న కొత్తలో కెమెరాలు రెండు రోజులు బాగా కనిపించాయి. కరెంటు పోయి వచ్చింది, కెమెరాలు మాయం. నెట్ ఆఫీసుకు ఫోన్ చేస్తే "మీ ఐపీ మారలేదు సార్" అంటారు, కెమెరాల అతను "నెట్ ప్రాబ్లం" అంటాడు. చివరికి నేనే మిర్చి బస్తాల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, దగ్గుకుంటూ, ఒక్కొక్కటీ చూసుకుంటూ పోయాను. బయటి నంబర్ నిజంగానే మారలేదు. లోపల డీవీఆర్ నంబర్ 192.168.1.8 నుంచి 192.168.1.12కి మారింది. రూటరేమో ఇంకా 8కే పంపిస్తోంది. డీవీఆర్‌కు ఎప్పుడూ 8 నంబరే ఇవ్వమని రూటర్‌లో రిజర్వ్ చేసి పెట్టాను, అంతే, మళ్లీ ఆ తంటా రాలేదు. దీన్ని కూడా కెమెరాల వాళ్లు "స్టాటిక్ ఐపీ పెట్టాలి" అనే అంటారు. ఇది మీ రూటర్‌లో మీరే పెట్టుకునేది, పైసా ఖర్చు లేదు. మీ అబ్బాయి దేని గురించి అన్నాడో ఒకసారి అడగండి.

ట్యాలీ దగ్గర నేను చేసిన తప్పు మీరు చేయకూడదు. స్టాటిక్ ఐపీ రాగానే, ఇంటి నుంచి దుకాణం కంప్యూటర్‌లోకి వెళ్లడానికి రిమోట్ డెస్క్‌టాప్ (దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపే సదుపాయం) వాడే 3389 పోర్టును, అంటే ఆ నంబర్ తలుపును, రూటర్‌లో బయటికి తెరిచాను. బ్రహ్మాండంగా నడిచింది. రెండో ఏడాది మార్చిలో, యార్డు మిర్చితో నిండి ఉన్న రోజుల్లో, ఒక సోమవారం పొద్దున గుమస్తా ఫోన్ చేశాడు. "సార్, ట్యాలీలో మన కంపెనీ తెరుచుకోవట్లేదు. ఫైళ్ల పేర్లన్నీ ఏదోలా ఉన్నాయి" అన్నాడు. వెళ్లి చూస్తే ప్రతి ఫోల్డర్‌లో ఒక నోట్, డబ్బులు కడితేనే డేటా తిరిగి ఇస్తామని. బ్యాకప్ అదే కంప్యూటర్‌లో రెండో డిస్క్‌లో ఉండేది, అదీ పోయింది. ఇంట్లో ఒక పెన్‌డ్రైవ్‌లో పదకొండు రోజుల కిందటి డేటా ఉంది. అది ఎక్కించి, తక్‌పట్టీల (అమ్మకం లెక్క చీటీల) కట్టలు విప్పి ఒక్కొక్కటీ మళ్లీ కొట్టాం. నాలుగు రోజులు, నాలుగు రాత్రులు. ఈ లోపు ఒక రైతు వచ్చి తన బాకీ లెక్క అడిగితే చూపించలేకపోయాం. ఆయన ఏమీ అనలేదు, బెంచీ మీద కూర్చుని చూస్తూ ఉన్నాడు. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

తప్పు నాదే. పాస్‌వర్డ్ దుకాణం పేరు, దాని పక్కన 123. తర్వాత లాగ్ తెరిచి చూస్తే వారాల తరబడి, రాత్రీ పగలూ, ఎక్కడెక్కడి నుంచో పాస్‌వర్డ్‌లు కొట్టి చూసిన గుర్తులు. మన పరకాల దుకాణాన్ని ఎవరు పట్టించుకుంటారు అనుకోకండి, వాళ్లు దుకాణాలను వెతకరు, నంబర్లను వెతుకుతారు. 2013లోనే మిషిగన్ యూనివర్సిటీ వాళ్లు మంచి లైన్ ఉంటే ఒకే కంప్యూటర్‌తో ఐపీవీ4 నంబర్లన్నింటినీ 45 నిమిషాల్లో తట్టి చూడొచ్చని చేసి చూపించారు. 3389 బదులు వేరే పోర్టు పెడితే దొరకం అనేది ఉత్త భ్రమ. ఈ దాడి స్టాటిక్ ఐపీ వల్ల జరిగిందని నేను అనను. తలుపు తెరిచింది నేను. కానీ సీజీనాట్‌లో ఉండుంటే ఆ తలుపు బయటికి కనిపించేదే కాదు.

అందుకే మీకు నా సలహా, ట్యాలీ కోసం టెయిల్‌స్కేల్ లాంటి సాఫ్ట్‌వేర్ పెట్టుకోండి, అది మీ కంప్యూటర్ల మధ్య మాత్రమే నడిచే సొంత దారి వేస్తుంది. దుకాణం కంప్యూటర్‌లో ఒకటి, ఇంటి ల్యాప్‌టాప్‌లో ఒకటి వేసి, రెండింట్లో ఒకే ఖాతాతో లాగిన్ అయితే ఒకదానికొకటి కనిపిస్తాయి. రెండూ లోపలి నుంచి బయటికే వెళ్తాయి కాబట్టి సీజీనాట్ అడ్డం రాదు, రూటర్‌లో ఏ పోర్టూ తెరవక్కర్లేదు. రిమోట్ డెస్క్‌టాప్ ఆ దారి లోపల మాత్రమే నడుస్తుంది. ఆ లాగిన్‌కు రెండో అంచె ఓటీపీ పెట్టుకోవడం మాత్రం మర్చిపోవద్దు. మా కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో ఇదే వాడుతున్నాం. దుకాణంలో స్టాటిక్ ఐపీ ఎలాగూ ఉంది కాబట్టి రూటర్‌లో వైర్‌గార్డ్ అనే ఇలాంటి సొంత దారే పెట్టాను, తాళంచెవి లేనివాళ్లు తడితే అది బదులే ఇవ్వదు. బ్యాకప్ రోజూ ఒకటి క్లౌడ్‌లోకి, వారానికి ఒకటి ఇంటికి తెచ్చే డిస్క్‌లోకి. ఆ డిస్క్ కాపీ అయ్యాక కంప్యూటర్‌కు తగిలించి ఉంచకండి.

మరి మేం స్టాటిక్ ఐపీ ఎందుకు ఉంచుకున్నాం అంటే, అవతలివాళ్లు "మీ నంబర్ చెప్పండి, దాని నుంచి వస్తేనే తలుపు తీస్తాం" అనే పనులు కొన్ని ఉన్నాయి. మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ బ్యాంకుకు నేరుగా పేమెంట్ ఫైళ్లు పంపుతుంది, బ్యాంకు మా నంబర్‌ను నమోదు చేసుకుంది. ఈ-ఇన్వాయిస్, ఈ-వే బిల్ సర్వర్‌కు సొంత సాఫ్ట్‌వేర్‌ను నేరుగా కలిపేవాళ్లకూ నంబర్ నమోదు కావాలి. ట్యాలీ నుంచో, పోర్టల్‌లోనో చేసుకునే మనలాంటి వాళ్లకు అక్కర్లేదు. మీ ఎరువుల ఈ-పాస్ మిషన్‌కూ అవసరం లేదు, అదీ బయటికి వెళ్లేదే.

ఇంటికి స్టాటిక్ ఐపీ నిజంగా అవసరమైన వాళ్లు నాకు తెలిసి రెండు రకాలు. కిషన్‌పురలో ఉండే మా బావమరిది ఇంటి నుంచే ఒక కంపెనీ పని చేస్తాడు, వాళ్ల సర్వర్ నమోదు చేసిన నంబర్ల నుంచి తప్ప రానివ్వదు. రెండోది, షేర్లలో సొంత ప్రోగ్రాంతో ఏపీఐ ద్వారా, అంటే బ్రోకర్ సర్వర్‌కు నేరుగా కలిసి, ఆర్డర్లు పెట్టేవాళ్లు. షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2025 ఫిబ్రవరి సర్క్యులర్‌లో స్టాటిక్ ఐపీ నమోదు షరతు పెట్టింది. మామూలుగా ఫోన్ యాప్‌లో కొనేవాళ్లకు దీంతో పని లేదు. స్టాటిక్ ఐపీతో స్పీడ్ పెరుగుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి, వైరు అదే, ప్లాను అదే.

ఎప్పుడైనా తీసుకోవాల్సి వస్తే, కట్టకముందే కొన్ని అడిగి వాట్సాప్‌లోనైనా రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. ఇచ్చేది బయటికి కనిపించే నంబరేనా? మారకపోయినా సీజీనాట్ లోపలిదే ఇచ్చిన సంగతి ఒకటి నాకు తెలుసు. పోర్టులేమైనా ఆపుతారా? నంబర్ పాత యూజర్‌నేమ్ మీదే వస్తుందా, లేక గేట్‌వే, సబ్‌నెట్ మాస్క్ లాంటి సెట్టింగులు రూటర్‌లో చేత్తో కొట్టాలా? చేత్తో కొట్టేదైతే ఆ పేజీని ఫోటో తీసి పెట్టుకోండి. మా గుమస్తా ఒకసారి రూటర్ రీసెట్ బటన్ నొక్కేసి, మార్కెట్ రోజు సాయంత్రం దాకా నెట్ లేకుండా ఉన్నాం. ఇంకో ముఖ్యమైన మాట, మొబైల్ నంబర్‌లాగా దీన్ని పోర్ట్ చేసుకోలేం. నెట్ కంపెనీ మారిస్తే నంబర్ పోతుంది, బ్యాంకు దగ్గర మళ్లీ మొదటి నుంచి. మేం ఏడాదికి 2,500 మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 2,950 కడుతున్నాం, ప్లాన్ డబ్బులు వేరే.

ఇవాళ దుకాణం కట్టేసేలోపు రూటర్‌లో వాన్ ఐపీ చూసి, మొదటి రెండు అంకెల గుంపులు మాత్రం ఇక్కడ రాయండి. పూర్తి నంబర్ రాయొద్దు. దాంతో పాటు డీవీఆర్ ఏ కంపెనీదో, ట్యాలీ ఎన్ని కంప్యూటర్లలో ఉందో చెబితే, టెయిల్‌స్కేల్ ఎక్కడెక్కడ వేయాలో నేను వరుసగా చెబుతాను. మార్కెట్ తొమ్మిదికల్లా సద్దుమణుగుతుంది, ఆ తర్వాత చూస్తాను.