మీ ప్రశ్నలు – మా జవాబులు: కోరంగి మడ అడవిలో కాపలా పని

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు తాళ్లరేవు మండలంలోని కోరంగి అభయారణ్యం, ఆ చుట్టుపక్కల తీరం గురించే. 1978లో ప్రకటించిన ఈ అభయారణ్యం సుమారు 235 చదరపు కిలోమీటర్లు ఉంటుంది. వచ్చిన ప్రశ్నల్లో నలుగురికీ పనికొచ్చేవి కొన్ని తీసుకున్నాం.

ప్రశ్న: పిల్లల్ని తీసుకుని బోటు షికారుకి వెళ్తే ‘ఇప్పుడు తీయం, మూడు గంటలు ఆగండి’ అన్నారు. గాలీ లేదు, వానా లేదు. మరెందుకు ఆపినట్టు? (రామచంద్రపురం పాఠకురాలు)

పాటు వల్ల. సముద్రం వెనక్కి లాగే వేళ పాయల్లో నీరు దిగిపోయి బురద బయటపడుతుంది. పోటు నుంచి పాటుకి 6 గంటల పైచిలుకు పడుతుంది. ఇవాళ వచ్చిన పోటు రేపు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అందుకే నిన్న పదింటికి కదిలిన బోటు ఇవాళ పదింటికి కదలకపోవచ్చు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీరు ఎంత పైకి ఎక్కుతుందో అంత కిందికీ దిగుతుంది కాబట్టి సిబ్బంది మరింత గట్టిగా ఉంటారు. ఉండాలి కూడా.

బోటు బురదలో దిగబడితే నెడదామని ఎవరూ కిందికి దూకకండి. మోకాలిదాకా దిగిపోతారు. బురదలోంచి నిటారుగా లేచిన మడచెట్ల శ్వాసవేర్లు, వాటిని అంటుకున్న ఆల్చిప్పలు పాదాల్ని కోసేస్తాయి. బోటు నడిపే సరంగు ఇంజను పైకెత్తి, మిమ్మల్ని లోతున్న వైపు జరగమని, గెడతో నెడతాడు. అప్పటికీ కదలకపోతే పోటు వచ్చేదాకా కూర్చోవలసిందే.

లైఫ్ జాకెట్ వేసుకున్నాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. చెవులదాకా లేచిందంటే వదులైనట్టే, పట్టీలు బిగించాలి. పెద్దవాళ్ల జాకెట్ పిల్లలకి వేస్తే నీళ్లలో పడ్డప్పుడు తలమీంచి ఊడిపోతుంది. చిన్న సైజు అడిగి తీసుకోండి. ఇక నీటికుక్క (ఆటర్) కనిపించిందని అందరూ ఫోన్లు పట్టుకుని ఒకే పక్కకి లేవడం చాలా ప్రమాదం, బోటు ఒరిగేది అలాగే.

ప్రశ్న: అటవీ శాఖ బీట్ ఆఫీసర్లు, వాచర్లు రోజూ అడవిలో తిరిగి చూసేది ఏమిటి? (కాకినాడ నుంచి డిగ్రీ విద్యార్థి)

ముందుగా బురద. పాటులో కనిపించిన గుర్తు మళ్లీ పోటొస్తే చెరిగిపోతుంది. కాబట్టి అడుగుజాడ కనిపించిన చోటే పక్కన పెన్నో స్కేలో పెట్టి ఫొటో తీసి, జీపీఎస్ పాయింటు నమోదు చేసుకోవాలి. నీటికుక్క జాడలో వేళ్ల మధ్య చర్మం అచ్చు తెలుస్తుంది. దాని పెంటలో చేప పొలుసులు, పీత పెంకులు ఉంటాయి, నీచు వాసన కొడుతుంది. నరికిన మొద్దు కనిపిస్తే కోత పచ్చిగా ఉందా, ఎండిందా చూస్తారు. అది తిల్ల చెట్టయితే చేత్తో ముట్టరు. దాని పాలు కంట్లో పడితే కొంతకాలం చూపు మూసుకుపోతుంది. పడితే వెంటనే మంచినీళ్లతో బాగా కడిగి ఆస్పత్రికి వెళ్లాలి.

నీటిపిల్లుల (చేపలు పట్టి తినే అడవిపిల్లుల) కోసం పెట్టే, కదలిక తగిలితే తమంతట ఫొటో తీసే కెమెరాలతో ఇంకో తంటా ఉంది. జంతువు నిండుగా పడాలంటే కెమెరా మోకాలి ఎత్తులో ఉండాలి. అదే ఎత్తులో పున్నమి పోటుకి మునిగిపోతుంది. అందుకని చెట్ల మొదళ్ల మీద నీటి చార చూసుకుని, పాయ ఒడ్డున మెరక ఉన్న చోటే కడతారు. ఎదురుగా ఊగే కొమ్మలు తీసెయ్యకపోతే ఆకు కదిలినప్పుడల్లా ఫొటో పడి, కార్డు ఖాళీ బొమ్మలతో నిండిపోతుంది. తేమకి అద్దం మసకబారకుండా లోపల సిలికా జెల్ పొట్లం పెడతారు. నీటిపిల్లికి కుడిపక్క మచ్చలు ఒకలా, ఎడమపక్క మచ్చలు ఇంకోలా ఉంటాయి కాబట్టి కెమెరాలు ఎదురెదురుగా రెండు ఉండాలి. ఒక్కటే పెడితే ఒకే పిల్లిని రెండుగా లెక్కేసే ప్రమాదం ఉంది.

ప్రశ్న: మా తీరంలో సముద్ర తాబేళ్లు పెట్టిన గుడ్లు కుక్కలు తవ్వి తినేస్తున్నాయి. మేమే తీసి హేచరీకి (గుడ్లు పొదిగించే చోటికి) చేర్చొచ్చా? (అంతర్వేది నుంచి మత్స్యకార యువకులు)

మీ ఆరాటం అర్థమవుతుంది. అయినా మీరు తియ్యకండి. మీ తీరంలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేలుకీ దాని గుడ్లకీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది, అనుమతి లేకుండా ముట్టుకోకూడదు. అంతకంటే పెద్ద కారణం గుడ్డులోనే ఉంది. పెట్టిన కొన్ని గంటలకే పిండం పెంకు లోపల పైభాగానికి అతుక్కుంటుంది. ఆ తర్వాత గుడ్డు దొర్లిందంటే పిండం చచ్చిపోతుంది. మంచి మనసుతో బుట్టలో వేసి మోసుకొచ్చిన గుడ్లు పొదగకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం.

సిబ్బంది చేసే పద్ధతి ఇది. సీజన్లో రాత్రిళ్లు తీరం వెంట నడుస్తూ, నీళ్లలోంచి ఇసుక మీదికి పాకిన జాడ కోసం చూస్తారు. తాబేలు పైకి వస్తుంటే తెల్లటి టార్చి వెయ్యరు, బెదిరి గుడ్లు పెట్టకుండానే వెనక్కి పోతుంది. అది పెట్టి, ఇసుక కప్పి వెళ్లాక, ఒక్కో గుడ్డునీ తిప్పకుండా తీసి, అదే గూటి తడి ఇసుక పరిచిన బకెట్లో పేర్చి తెల్లారేలోపే చేరుస్తారు. గూటికి 100 పైనే ఉంటాయి. హేచరీలో సుమారు 45 సెంటీమీటర్ల లోతున, మూతి సన్నగా అడుగు వెడల్పుగా కూజాలా గొయ్యి తీస్తారు. గొయ్యికీ గొయ్యికీ మధ్య మనిషి నడిచే చోటు వదిలి, తేదీ, గుడ్ల లెక్క రాసిన కార్డు పాతుతారు. చుట్టూ వల ఇసుకలోకి దిగేలా కట్టకపోతే నక్కలు, కుక్కలు అడుగునుంచి తవ్వుకొస్తాయి. ఎండ ముదిరాక పైన తాటాకు నీడ వేస్తారు. ఇసుక వేడెక్కితే ఆడపిల్లలే ఎక్కువ పుడతాయి, మరీ వేడెక్కితే ఏవీ బతకవు.

45 నుంచి 60 రోజులకి పిల్లలు పైకొస్తాయి, ఎక్కువగా రాత్రిపూట. వాటిని చేత్తో నీళ్లలో వెయ్యరు. అలకి కొన్ని గజాల ఇవతల వదిలి వాటినే పాకనిస్తారు. ఆ వేళ ఒడ్డున లైట్లుంటే పిల్లలు సముద్రం బదులు వెలుతురు వైపు నడుస్తాయి.

మీరు చెయ్యగలిగిన సాయం ఉంది. జాడ కనిపించిన చోట తొక్కకుండా, నాలుగడుగులు పక్కగా కర్ర పాతి, టైము గుర్తు పెట్టుకుని వెంటనే బీట్ ఆఫీసరుకి ఫోన్ చెయ్యండి. సిబ్బంది వచ్చేదాకా ఇద్దరు అక్కడే ఉండి కుక్కల్ని అదిలించండి. చచ్చిన తాబేలు కొట్టుకొస్తే పూడ్చెయ్యకుండా చెప్పండి. వలలో చిక్కి ఊపిరాడక చచ్చిందా, దెబ్బ తగిలిందా అని వాళ్లు చూడాలి. లెక్కించిన కళేబరం మీద రంగు గీత వేస్తారు, రెండోసారి లెక్కలోకి రాకుండా.

ప్రశ్న: నీటికుక్కలు మా రొయ్యల చెరువులో పడుతున్నాయి. గట్టు చుట్టూ కరెంటు తీగ లాగొచ్చా? (తాళ్లరేవు రైతు)

వద్దు. మెయిన్ లైను నుంచి నేరుగా లాగిన తీగకి మీ చెరువు కాపలా మనిషే బలి కావచ్చు. అదే గట్టున తిరిగే నీటిపిల్లి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో గట్టి రక్షణ ఉన్న మొదటి షెడ్యూలు జంతువు, దాన్ని చంపితే కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 7 ఏళ్లు జైలు. గట్టు చుట్టూ గట్టి వల కట్టి, అడుగున ఒక అడుగు మట్టిలోకి పాతండి. పాతకుండా వదిలేసిన వల కిందినుంచే నీటికుక్కలు దూరతాయి. చచ్చిన రొయ్యల్ని గట్టు మీద పారబోయకుండా దూరంగా పూడ్చండి, వాసనకే వస్తాయి. నష్టం ఎక్కువగా ఉంటే ఫొటోలతో రేంజ్ ఆఫీసులో రాతపూర్వకంగా ఇవ్వండి.

ప్రశ్న: నేను ఇంటర్ పాసయ్యాను. ఆడపిల్లలు బీట్ ఆఫీసర్ కావచ్చా? (అమలాపురం)

నిక్షేపంగా. ఏపీపీఎస్సీ నోటిఫికేషన్ చూస్తూ ఉండండి, ఇంటర్ అర్హత సరిపోతుంది. రాతపరీక్ష తర్వాత నడక పరీక్షలో మహిళలు 4 గంటల్లో 16 కిలోమీటర్లు, పురుషులు 25 కిలోమీటర్లు నడవాలి. మొదటి గంట పరుగెత్తి మూడో గంటకి చతికిలబడేవాళ్లే ఎక్కువ. గంటకి 4 కిలోమీటర్లు తగ్గకుండా ఒకే వేగంతో నడవడం ఇప్పటినుంచే అలవాటు చేసుకోండి, పరీక్షకి వేసుకునే బూట్లతోనే. మన వైపు పోస్టింగ్ ఆశిస్తుంటే ఈత కూడా నేర్చుకోండి.