చైనా కత్తియుద్ధాల సీరియల్స్ చూడాలంటే దేనితో మొదలుపెట్టాలి?

మీరు రెండు విషయాలు అడిగారు. వుషియా సీరియల్స్, అంటే చైనావాళ్ల కత్తియుద్ధాల కథలు, దేనితో మొదలుపెట్టాలని ఒకటి. మనుషులు ఒక చెట్టు మీద నుంచి ఇంకో చెట్టు మీదికి ఎగురుతుంటే నవ్వు రాకుండా చూడటం ఎలాగని రెండోది. రెండోదానికి జవాబు తేలిక. నవ్వొస్తే నవ్వేయండి. మన పాత జానపద సినిమాల్లో ఒక్క బాణం పది బాణాలైపోతే చప్పట్లు కొట్టినవాళ్లం మనం, ఇది మనకు అంత కొత్తేం కాదు.

మొదటిదానికి నా ఓటు 2017లో వచ్చిన ‘లెజెండ్ ఆఫ్ ద కాండోర్ హీరోస్’కి. 52 ఎపిసోడ్లు. నేను ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్‌తో చూశాను, పక్కన కూర్చున్న మా నాన్నకి తెలుగులో చెబుతూ. ఒక దశ తర్వాత ఆయనే ముందు టీవీ పెట్టి నన్ను పిలవడం మొదలైంది.

ఇది జిన్ యోంగ్ అనే కలంపేరుతో రాసిన హాంకాంగ్ రచయిత నవల. ఆయన పత్రికల మనిషి, 1959లో మింగ్ పావో అనే దినపత్రిక పెట్టిన వ్యక్తి. ఈ నవల 1957 నుంచి 1959 దాకా హాంకాంగ్‌లో మరో దినపత్రికలో సీరియల్‌గా వచ్చింది. రేపటి పేపరు కొనిపించాలి కాబట్టి ప్రతి నాలుగు పేజీలకీ ఎవరో ఒకరు ప్రమాదంలో పడతారు, లేదా ఎవరో ముసుగు తీస్తారు. వారపత్రికల సీరియల్స్ కోసం ఎదురుచూసిన ఇళ్లలో పుట్టినవాళ్లకి ఈ లయ వెంటనే పట్టుబడుతుంది. టీవీకి కూడా సరిగ్గా సరిపోయింది, అందుకే 1976 నుంచి ఇప్పటిదాకా మళ్లీ మళ్లీ తీస్తూనే ఉన్నారు.

కథ కొంచెం చెబుతాను, పెద్ద మలుపులు కొన్ని తెలిసిపోతాయి మరి. 1127లో ఉత్తరాది జిన్ రాజ్యంవాళ్లు, అప్పట్లో చైనాని ఏలుతున్న సోంగ్ రాజవంశం రాజధాని కైఫెంగ్‌ని కొల్లగొట్టి చక్రవర్తినీ అతని తండ్రినీ బందీలుగా పట్టుకుపోయారు. ఇది చరిత్ర. ఆ అవమానం జరిగి చాలా ఏళ్లయ్యాక హాంగ్జౌ దగ్గర ఒక పల్లెలో ఇద్దరు స్నేహితులు, ఇద్దరి భార్యలూ గర్భవతులు. అటుగా వచ్చిన ఒక తావో సన్యాసి (తావో అంటే చైనావాళ్ల పాత మతం), పుట్టబోయే పిల్లలకి ఆ అవమానం జరిగిన సంవత్సరం పేరు ‘జింగ్‌కాంగ్’నే రెండు ముక్కలు చేసి పెడతాడు, మరిచిపోకూడదని. ఆ తర్వాత ఇళ్ల మీద సైనికులు పడతారు. ఒక బిడ్డ గువో జింగ్ మంగోలియా గడ్డి మైదానాల్లో, చెంగీజ్ ఖాన్ నీడలో పెరుగుతాడు. ఇంకో బిడ్డ యాంగ్ కాంగ్, ఆ దాడి చేయించిన జిన్ రాకుమారుడి ఇంట్లోనే అతని కొడుకుగా పెరుగుతాడు. సన్యాసికీ, ఏడుగురు గురువుల జట్టుకీ ఒక పందెం: చెరో పిల్లాడినీ వెతికి పట్టుకుని విద్య నేర్పాలి, పద్దెనిమిదేళ్ల తర్వాత ఇద్దరూ తలపడాలి.

ఇక్కడే నాకు ఈ సీరియల్ నచ్చింది. హీరో గువో జింగ్ మందబుద్ధి. అక్షరాలా. ఏడుగురు గురువులు ఏడు వైపుల నుంచి వాయిస్తుంటే ఏ ఒక్కటీ తలకెక్కదు. ‘వీడికి నేర్పడం కంటే ఆ గుర్రానికి నేర్పడం నయంరా’ అన్నారు మా నాన్న. కానీ కథ ముందుకెళ్లేకొద్దీ తెలిసేదేమిటంటే, తప్పు పిల్లాడిది ఒక్కడిదే కాదు, నేర్పే పద్ధతిది కూడా. ఇంకో సన్యాసి వచ్చి రాత్రిళ్లు కొండమీద ఊరికే కూర్చోబెట్టి ఊపిరి ఎలా తీయాలో చెబుతాడు, కత్తి మాటే ఎత్తడు. కొన్నాళ్లకి కుర్రాడు మారిపోతాడు. ఆ తర్వాత హోంగ్ చీగోంగ్ అనే ముష్టివాళ్ల నాయకుడు దొరుకుతాడు, మహా తిండిపోతు. హీరోయిన్ హువాంగ్ రోంగ్ రోజుకో వంట చేసిపెట్టి, ఆ రుచి చూపించి, ఒక్కో దెబ్బ చొప్పున గువో జింగ్‌కి విద్య నేర్పిస్తుంది. గురుదక్షిణ ముందే, అదీ కడుపు నింపి! ఇంకా జో బోతోంగ్ అనే ముసలి కొంటెవాడు ఉంటాడు. ఒక చేత్తో చతురస్రం, ఇంకో చేత్తో గుండ్రం ఒకేసారి గీయగలిగితే రెండు చేతులతో రెండు రకాల యుద్ధం చేయొచ్చంటాడు. తెలివైన హువాంగ్ రోంగ్‌కి అది రాదు, మనసులో వంద ఆలోచనలు. మనవాడికి ఇట్టే వచ్చేస్తుంది. ఆ ఎపిసోడ్ అయ్యాక మా ఇంట్లో అందరూ పెన్నులు పట్టుకున్నారు, ఎవరికీ కుదర్లేదు.

కాబట్టి ఫైట్లు ఎవరు గెలిచారని కాకుండా ఎవరి దగ్గర ఎవరు ఏం నేర్చుకున్నారో, ఎవరికి ఎవరు రుణపడ్డారో చూస్తూ వెళ్లండి. అప్పుడు గాల్లో ఎగరడం మీకు అడ్డం రాదు.

రెండో కుర్రాడు యాంగ్ కాంగ్ గురించి అయితే మా ఇంట్లో గొడవలే జరిగాయి. తెలివైనవాడు, అందగాడు, చకచకా నేర్చుకుంటాడు. కన్నతండ్రి ఎవరో తెలిసాక కూడా ఆ రాకుమారుడి హోదా వదల్లేడు. ‘పద్దెనిమిదేళ్లు గుండెల మీద పెట్టుకుని పెంచినవాడిని ఒక్క రోజులో శత్రువు అనుకోమంటే ఎలా?’ అని అమ్మ అతని పక్షం. కర్ణుడిని తిట్టని నోటితో వీడిని ఎలా తిడతానంది. నాన్న ఒప్పుకోలేదు. కర్ణుడు ఇచ్చిన మాట కోసం నిలబడ్డాడు, వీడు సుఖం కోసం నిలబడ్డాడు అన్నారు. 2017లో ఈ పాత్ర వేసిన చెన్ షింగ్‌షూ వల్ల కూడా ఈ వాదన అంత తేలిగ్గా తెగదు. విలన్‌లా కళ్లు ఉరమడు, తనకి తాను నచ్చజెప్పుకుంటూ ఉంటాడు.

ఇదే ప్రశ్న చివర్లో గువో జింగ్ ముందుకి కూడా వస్తుంది. తనని పెంచిన చెంగీజ్ ఖాన్ సైన్యం తీసుకుని సోంగ్ మీదికి వెళ్లమంటాడు. అక్కడ అతని తల్లి చేసే పని, ఆ తర్వాత చావుకి దగ్గరైన ఖాన్‌తో అతను మాట్లాడే మాటలు నేను ఇక్కడ చెప్పను. మొత్తం సీరియల్‌లో ఒక్క కత్తి కూడా దూయని ఆ సంభాషణే నాకు అన్నిటికంటే పెద్ద యుద్ధం.

ఇంకో విషయం. పేర్లు పెట్టిన ఆ సన్యాసి చియూ చూజీ కల్పిత పాత్ర కాదు. 1148లో పుట్టిన నిజమైన తావో గురువు. చెంగీజ్ ఖాన్ పిలిస్తే ముసలితనంలో చైనా నుంచి ఇప్పటి అఫ్గానిస్తాన్ దాకా ప్రయాణం చేసి 1222లో ఆయన్ని కలిశాడు. ఖాన్‌కి కావలసింది చావు లేకుండా చేసే మందు, అలాంటిది లేదని మొహం మీదే చెప్పాడంటారు. ఇద్దరూ 1227లోనే పోయారు. హువాంగ్ రోంగ్ పుట్టిన పీచ్ పూల దీవి కూడా జెజియాంగ్ తీరంలో నిజంగానే ఉంది. 2003 సీరియల్ కోసం అక్కడ వేసిన సెట్ తర్వాత టూరిస్టు స్థలమైంది.

మిగతా వెర్షన్ల సంగతి. హాంకాంగ్‌వాళ్లు 1983లో తీసిన 59 ఎపిసోడ్ల సీరియల్‌నే చాలామంది చైనావాళ్లు ఇప్పటికీ నెత్తిన పెట్టుకుంటారు. అందులో హువాంగ్ రోంగ్‌గా చేసిన బార్బరా యుంగ్ 1985లో, చాలా చిన్న వయసులో చనిపోయింది. ఆ అమ్మాయి కళ్లలో చురుకు తర్వాత ఎవరికీ రాలేదనే నేనూ అంటాను. కానీ స్టూడియో సెట్లు, అట్టముక్కల కొండలు చూసి కొత్తవాళ్లు పారిపోతారు, అందుకే రెండోసారికి దాచుకోండి. అప్పుడు ఒక సరదా దొరుకుతుంది: 1983లో కుర్ర యాంగ్ కాంగ్‌గా చేసిన మైఖేల్ మియూ, 2017లో హీరోయిన్ తండ్రి హువాంగ్ యావోషిగా కనిపిస్తాడు. 2024లో 30 ఎపిసోడ్లతో ఒకటి వచ్చింది, చూడ్డానికి నిగనిగలాడుతూ ఉంటుంది గానీ పరుగెత్తించారు. మొదటిసారి చూసేవాళ్లకి వద్దు.

2017దానిలో లోపాలు లేవా అంటే ఉన్నాయి. గ్రాఫిక్స్ డేగలు బొమ్మల్లా ఉంటాయి. డబ్బింగ్ వల్ల పెదాలకీ మాటలకీ అక్కడక్కడా పొంతన ఉండదు. మధ్యలో కొన్ని ఎపిసోడ్లు సాగదీశారు, అక్కడ నేను ఫార్వర్డ్ నొక్కాను, మీరూ నొక్కండి. మొదట్లో హీరో చిన్నపిల్లాడిగా ఉన్న ఎపిసోడ్లు మాత్రం దాటేయొద్దు, తర్వాత వచ్చే ప్రతి బాకీ అక్కడే మొదలవుతుంది. అలాగే ఎంత విసుగొచ్చినా హువాంగ్ రోంగ్ వచ్చేదాకా ఆగండి. ముష్టి కుర్రాడి వేషంలో వచ్చి ఖరీదైన వంటకాలన్నీ ఆర్డర్ చేస్తుంది. గువో జింగ్ నోరు మెదపకుండా బిల్లు కట్టి, తన కోటు, డబ్బు, చివరికి తన ఎర్ర గుర్రం కూడా ఇచ్చేస్తాడు. ఆ సీన్ నచ్చలేదంటే మానేయొచ్చు, ఇది మీ సీరియల్ కాదన్నమాట.

పేర్లు గుర్తుండవని టెన్షన్ వద్దు. ఐదుగురు మహావీరులకి తూర్పు, పడమర, దక్షిణం, ఉత్తరం, మధ్య అని దిక్కులే బిరుదులు. మా నాన్న చివరిదాకా ‘పడమరాయన పాములు తెచ్చాడు’, ‘ఉత్తరపాయన మళ్లీ తింటున్నాడు’ అనే చెప్పేవారు. ఒక్క పేరు రాకపోయినా కథ మొత్తం అర్థమైంది.

చదవడం ఇష్టమైతే నవల ఇంగ్లీష్‌లో నాలుగు భాగాలుగా 2018 నుంచి 2021 మధ్య వచ్చింది. పిల్లలతో చూడాలనుకుంటే మాత్రం ఒక్క మాట. మెయి చావోఫెంగ్ అనే ఆవిడ పుర్రెల్లోకి వేళ్లు దింపి సాధన చేసే సీన్లున్నాయి. అవి ముందు మీరొక్కరే చూసి తర్వాత నిర్ణయించుకోండి.