కొత్త డిస్క్ సంగతి తర్వాత, ముందు సేవ్ డేటా తీసిపెట్టండి

ప్రశ్న: మా తమ్ముడు అమెరికా నుంచి వస్తూ మా బాబుకి ప్లేస్టేషన్ 4 స్లిమ్ తెచ్చిచ్చాడు. ఈ మధ్య అది బాగా సతాయిస్తోంది. గేమ్ లోడవుతూ మధ్యలో ఆగిపోతుంది, లోపల టిక్కు టిక్కుమని చప్పుడు వస్తోంది, ఫ్యాన్ మోత కూడా పెరిగింది. షాపులో చూపిస్తే హార్డ్ డిస్క్ మార్చాలి, ఉన్నవన్నీ పోతాయన్నారు. అప్పటి నుంచి బాబు సరిగ్గా అన్నం తినడం లేదు. ఇంట్లోనే మార్చుకోవచ్చా? ఎస్‌ఎస్‌డీ వేస్తే మంచిదా?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: మార్చుకోవచ్చు అక్కా. స్లిమ్‌లో హార్డ్ డిస్క్ మార్చే పద్ధతి సోనీ మాన్యువల్‌లోనే ఉంది. అయితే ఇవాళ బాబు బడి నుంచి రాగానే చేయాల్సిన పని వేరే ఉంది. గేములు ఎలాగూ మళ్లీ వస్తాయి. సీడీ మీద కొన్నవి సీడీ నుంచి ఎక్కుతాయి, ఆన్‌లైన్‌లో కొన్నవి అదే అకౌంట్‌తో మళ్లీ డౌన్‌లోడ్ అవుతాయి. వాడు ఎక్కడిదాకా ఆడాడో దాచుకునే సేవ్ డేటా మాత్రం ఆ డిస్క్‌లో ఉంది. టిక్కుమనే డిస్క్ ఏ రోజు పూర్తిగా ఆగిపోతుందో ఎవరూ చెప్పలేరు. కాబట్టి ఊరికే ఆన్ చేసి చూడటం మానేయండి. ఆన్ చేస్తే ఈ పని కోసమే చేయండి.

ఒక పెన్‌డ్రైవ్ పెట్టి, సెట్టింగ్స్‌లో ‘అప్లికేషన్ సేవ్డ్ డేటా మేనేజ్‌మెంట్’లోకి వెళ్లి, సిస్టమ్ స్టోరేజ్‌లో ఉన్న సేవ్‌లను యూఎస్‌బీకి కాపీ చేయమనండి. మామూలు పెన్‌డ్రైవ్ చాలు. ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌లో ఉంటే ప్లేస్టేషన్ 4 దాన్ని గుర్తుపట్టదు, కంప్యూటర్‌లో పెట్టి ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌కు మార్చుకోండి. ఆటలో సాధించినందుకు వచ్చే ట్రోఫీలు ఈ కాపీలో రావు, నెట్ కలిపి సింక్ చేయాలి. పిల్లలకు ఆ ట్రోఫీలు ఎంత ముఖ్యమో నల్గొండలో నా షాపుకు వచ్చే పిల్లలను చూస్తే తెలుస్తుంది. మిషన్ బాగైందా అని అడగకముందే ‘అంకుల్, నా ట్రోఫీలు ఉన్నయా’ అని అడుగుతారు. వాళ్ల బాధను చిన్నగా తీసుకోకూడదు. ఏళ్లపాటు కూర్చుని ఆడింది అది.

ఇక ఎస్‌ఎస్‌డీ, అంటే లోపల తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్. నేనైతే అదే వేయమంటాను. గేమ్ లోడయ్యే సమయం బాగా తగ్గుతుంది. ఆటలో బొమ్మ ఇంకా అందంగా రావడం లాంటివి మాత్రం ఉండవు, అలా చెప్పి అమ్మేవాళ్ల మాట వినకండి. 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ అని అడిగి తీసుకోండి. మందం 9.5 మిల్లీమీటర్లు దాటకూడదు. ఎస్‌ఎస్‌డీలు మామూలుగా 7 మిల్లీమీటర్లే కాబట్టి ఇబ్బంది లేదు. ఎక్కువ సైజు కావాలని 4 టీబీ ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్ కొంటేనే చిక్కు. అవి 15 మిల్లీమీటర్ల మందం ఉంటాయి, ట్రేలో పట్టవు.

కరెంటు వైరుతో సహా అన్ని వైర్లూ తీసేశాక, వెనకవైపు మూలన ఉన్న చిన్న మూత పక్కకు జరిపితే వస్తుంది. లోపల ఒకే ఒక పెద్ద స్క్రూ, దాని తల మీద రిమోట్ మీదుండే నాలుగు గుర్తులూ చెక్కి ఉంటాయి. అది విప్పి ట్రేను మెల్లగా బయటికి లాగండి. డిస్క్‌ను ట్రేకు పట్టి ఉంచే నాలుగు చిన్న స్క్రూలు గట్టిగా ఉంటాయి. సరైన సైజు స్టార్ స్క్రూడ్రైవర్‌ను బలంగా అదిమి పెట్టి తిప్పాలి, లేకపోతే తల అరిగిపోతుంది. బ్యాటరీ స్క్రూడ్రైవర్ వద్దు.

కొత్త డిస్క్ ఖాళీగా ఉంటుంది కాబట్టి సిస్టమ్ సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించాలి. చాలామంది ఇక్కడే ఆగిపోయి ఫోన్ చేస్తారు. సోనీ సైటులో రెండు రకాల ఫైళ్లు ఉంటాయి. అప్‌డేట్ ఫైలు పనికిరాదు, రీఇన్‌స్టాల్ ఫైలే కావాలి, దాదాపు 1 జీబీ ఉంటుంది. సేవ్‌లు పెట్టినది కాకుండా ఇంకో పెన్‌డ్రైవ్‌లో పీఎస్4 అనే ఫోల్డర్, దాని లోపల అప్‌డేట్ అనే ఫోల్డర్, రెండూ ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లోనే చేసి అందులో ఆ ఫైలు పెట్టాలి. ఈ పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఉంటే మేలు. పవర్ బటన్‌ను రెండో బీప్ వచ్చేదాకా, సుమారు 7 సెకన్లు, నొక్కి పట్టుకుంటే సేఫ్ మోడ్ వస్తుంది. అందులో 7వ ఆప్షన్. రిమోట్‌ను వైరుతో కలపాలి, ఆ వైరు డేటా కేబులై ఉండాలి. ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుల్‌తో ఎంత నొక్కినా కదలదు, మిషన్ పోయిందేమోనని టెన్షన్ పడతారు.

ఫ్యాన్ మోత మాత్రం దీనితో పోదక్కా. మిర్యాలగూడలో రైస్ మిల్లుల పక్క ఇళ్ల నుంచి వచ్చిన మిషన్లు మూత తీయగానే తెలుస్తాయి. ఫ్యాన్ రెక్కలకు, వేడిని బయటికి పంపే హీట్‌సింక్ సందులకు ఊక దుమ్ము మెత్తగా, పసుప్పచ్చగా అట్టకట్టి ఉంటుంది. గాలి ఆడక ఫ్యాన్ గోల పెడుతుంది. దానికి బాడీ మొత్తం విప్పాలి కాబట్టి అది తెలిసినవాళ్ల చేత చేయించండి. టీవీ స్టాండ్ అరలో మూసి పెట్టకండి.

ప్రశ్న: నా ల్యాప్‌టాప్ నుంచి తీసిన ఎం.2 ఎస్‌ఎస్‌డీని ప్లేస్టేషన్ 5లో వేయొచ్చా?
– ఒక డిగ్రీ విద్యార్థి, మహబూబ్‌నగర్

జవాబు: తమ్ముడూ, దాని మీద జెన్ 3, అంటే పాత తరం, అని ఉంటే వద్దు. ప్లేస్టేషన్ 5కు జెన్ 4 ఎన్‌వీఎంఈ రకం ఎస్‌ఎస్‌డీ కావాలి. సెకనుకు 5,500 ఎంబీ చదవగలిగేది ఉండాలని సోనీ సూచన. హీట్‌సింక్ తప్పనిసరి, దానితో కలిపి మొత్తం ఎత్తు 11.25 మిల్లీమీటర్లు దాటితే మూత పడదు. పెట్టాక మొదటిసారి ఆన్ చేయగానే ఫార్మాట్ అడుగుతుంది, కాబట్టి అందులో నీ కాలేజీ ఫైళ్లుంటే ముందే తీసుకో. మిషన్‌లో ముందునుంచీ ఉన్న గేములు అలాగే ఉంటాయి. ఇంకో మాట: గది వేడి 35 డిగ్రీలు దాటితే ఆడొద్దని మాన్యువల్ చెబుతుంది. పాలమూరు ఎండల్లో మే నెల మధ్యాహ్నం మీ గది ఎంత కాలుతుందో నీకు తెలుసు. కూలర్ గాలి తడిగా ఉంటుంది, మిషన్ మీదికి నేరుగా తిప్పకు.

ప్రశ్న: ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ విప్పి పెద్ద డిస్క్ వేయించుకోవచ్చా?
– సూర్యాపేట నుంచి ఒక పాఠకుడు

జవాబు: విప్పకండి. వెనక ఉన్న స్లాట్‌లో పెట్టే ఎక్స్‌పాన్షన్ కార్డు ప్రత్యేకంగా దొరుకుతుంది, అది గుచ్చితే చాలు. అంత ఖర్చు వద్దనుకుంటే మామూలు యూఎస్‌బీ 3 డ్రైవ్ పెట్టుకోండి. పాత ఎక్స్‌బాక్స్ వన్ గేములు దాని మీంచే ఆడొచ్చు. సిరీస్ గేములను అందులో దాచుకుని, ఆడాలనుకున్నప్పుడు లోపలికి తెచ్చుకోవాలి.