ముందు స్కూలు పేరు చెప్పమనండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా టీచర్లవే. ఒడిశాలోని మన తెలుగువాళ్ళ ఊళ్ళు గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం, జయపురం, ఎక్కడ చూసినా ప్రైవేటు స్కూళ్ళలో చాలీచాలని జీతాలతో నెట్టుకొస్తున్నవాళ్ళకి విదేశీ ఉద్యోగాల కన్సల్టెన్సీల నుంచి ఫోన్లు వస్తున్నాయట. నాలుగు ఉత్తరాలు తీసుకున్నాను. మొదటిదానికి జవాబు కాస్త పెద్దది, ఎందుకంటే మిగతావాళ్ళ సందేహాలు కూడా చాలావరకు అందులోనే తీరతాయి.

ప్రశ్న: మాస్టారూ, మాది రాయగడ జిల్లా గుణుపురం. బరంపురం యూనివర్సిటీలో ఎమ్మెస్సీ మేథ్స్ చేశాను, బీఈడీ శ్రీకాకుళం జిల్లాలో. ఐదేళ్ళుగా ఇక్కడి ఇంగ్లీష్ మీడియం స్కూల్లో చెప్తున్నాను, చేతికి 14 వేలు వస్తాయి. వైజాగ్‌లో ఒక కన్సల్టెన్సీ వాళ్ళు దుబాయ్‌లో సీబీఎస్‌ఈ స్కూల్లో ఉద్యోగం ఖాయం అంటున్నారు. జీతం 3,500 దిర్హాంలు. మొత్తం లక్షా 80 వేలు కట్టాలి, అందులో 50 వేలు ఇప్పుడే. విజిట్ వీసా మీద వెళ్తే అక్కడ మారుస్తారట. ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా ఇప్పుడే ఇచ్చేయమంటున్నారు. స్కూలు పేరు అడిగితే డబ్బు కట్టాక చెప్తాం అన్నారు. నాన్నగారు అమ్మ గాజులు బ్యాంకులో పెట్టడానికి సిద్ధపడిపోయారు. నాకేమో టెన్షన్‌గా ఉంది. వెళ్ళమంటారా?
- ఒక పాఠకురాలు, గుణుపురం

జవాబు: దుబాయ్ వెళ్ళమ్మా, తప్పకుండా వెళ్ళు. ఈ కన్సల్టెన్సీ చెప్పే దారిలో మాత్రం వద్దు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. డబ్బు మాట ఉంది, గాజుల మాట ఉంది, ఇంటర్వ్యూ మాట ఎక్కడా లేదు. నిన్ను ఎవరు చూశారు, నీ పాఠం ఎవరు విన్నారు? లెక్కల టీచర్ని తీసుకునే ఏ స్కూలైనా ప్రిన్సిపాలో, హెచ్‌ఓడీయో వీడియో కాల్‌లో కూర్చుని, ఫలానా చాప్టర్ మీద డెమో క్లాస్ చెప్పమ్మా అంటారు, పిల్లాడు అల్లరి చేస్తే ఏం చేస్తావని అడుగుతారు, జీతం సంగతి ఆ తర్వాత వస్తుంది. ఉద్యోగం ఇచ్చేది స్కూలు. కన్సల్టెన్సీ చేసేది పరిచయం మాత్రమే. పెళ్ళిచూపులు కాకుండానే కట్నం అడిగే పెళ్ళిళ్ళ పేరయ్యకి మీ నాన్నగారు డబ్బు ఇస్తారా? ముందే పేరు చెప్తే నువ్వు నేరుగా వెళ్ళిపోతావని కన్సల్టెన్సీల భయం, అందులో కొంత న్యాయం లేకపోలేదు. అయితే స్కూలు వాళ్ళతో ఇంటర్వ్యూ జరిగాక దాచడానికి ఏం మిగుల్తుంది? కాబట్టి ముందు ఇంటర్వ్యూ పెట్టించమను, డబ్బు మాట తర్వాత.

ఇక వాళ్ళు ఎవరో తేల్చుకోవడం. మన దేశం నుంచి విదేశీ ఉద్యోగాలకి మనుషుల్ని పంపే ఏజెంటు ఎవరైనా 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద విదేశాంగ శాఖలో రిజిస్టర్ అయి ఉండాలి. ఆ జాబితా ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. పేరు ఒక్కటీ కలిస్తే చాలదు, చిరునామా కూడా కలవాలి. ఎక్కడో ఢిల్లీలోనో ముంబైలోనో ఉన్న లైసెన్సు కాపీని ఫ్రేము కట్టి గోడకి తగిలించుకుని, అది మా హెడ్డాఫీసు అనేవాళ్ళు చాలామంది ఉంటారు. రిజిస్టర్డ్ ఏజెంటు మన దగ్గర తీసుకోగలిగిన సర్వీస్ చార్జీకి కూడా హద్దుంది, 30 వేల రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే 35,400. రసీదు ఇవ్వాలి. నిన్ను అడిగింది దానికి ఐదు రెట్లు. అటెస్టేషన్ (సర్టిఫికెట్ల మీద ప్రభుత్వ ముద్రలు వేయించడం), టికెట్టు, మెడికల్ అన్నీ కలిపి చెప్పామంటారేమో, అయితే దేనికెంతో కాగితం మీద విడివిడిగా రాసి సంతకం పెట్టమను. ఆ కాగితం ఇవ్వడానికి నీళ్ళు నమిలితే ఇక అక్కడ కూర్చోకు. అసలు దుబాయ్ చట్టం ప్రకారం ఉద్యోగంలోకి తీసుకునే ఖర్చులు యజమానివే, ఉద్యోగి దగ్గర నేరుగా గానీ మధ్యవర్తి ద్వారా గానీ వసూలు చేయకూడదు. 2021లో వచ్చిన వాళ్ళ కార్మిక చట్టంలో ఈ సంగతి స్పష్టంగా ఉంది. నిజంగా ఒక పెద్ద స్కూలు తరఫున పనిచేసే ఏజెన్సీకి డబ్బు స్కూలే ఇస్తుంది.

మన చదువుకున్న పిల్లలు పట్టించుకోని విషయం ఒకటుంది. పదో తరగతి పాసైనవాళ్ళ పాస్‌పోర్టుకి గల్ఫ్ వెళ్ళేటప్పుడు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అక్కర్లేదు. అది సౌకర్యమే. కానీ తాపీ పనికి వెళ్ళే చదువు లేని కుర్రాడి కాంట్రాక్టుని బయల్దేరేముందు ప్రభుత్వం ఒకసారి చూస్తుంది, ఎమ్మెస్సీ చదివిన నీ కాంట్రాక్టుని ఎవరూ చూడరు. నువ్వే చూసుకోవాలి.

విజిట్ వీసా సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఇందులో సగం నిజం ఉంది కాబట్టి. విజిట్ వీసా మీద దుబాయ్ వెళ్ళి ఇంటర్వ్యూలకి తిరగడం తప్పు కాదు, అలా ఉద్యోగం దొరికి అక్కడే వర్క్ వీసాకి మారినవాళ్ళు ఉన్నారు. వర్క్ పర్మిట్ రాకుండా క్లాసులోకి అడుగుపెట్టడం నేరం. అలా పనిలో పెట్టుకున్న యజమానికి 2024 నుంచి లక్ష దిర్హాంల నుంచి పది లక్షల దాకా జరిమానా ఉంది, కాబట్టి పేరున్న స్కూలు ఏదీ ఆ పని చేయదు. నీకు ఉద్యోగం ఖాయం అని చెప్తూ విజిట్ వీసా ఇస్తున్నారంటే ఆ రెండూ ఒకచోట ఇమడవు. ఖాయమైతే వర్క్ ఎంట్రీ పర్మిటే పంపొచ్చుగా. అక్కడి కార్మిక శాఖ ఆఫర్ లెటర్‌కి ఒక నంబరు ఉంటుంది, దాన్ని ఆ శాఖ వెబ్‌సైట్‌లోనే సరిచూసుకోవచ్చు. వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్‌లో స్కూలు ముద్ర ఎంత బాగున్నా సరే, ఆ స్కూలు సొంత వెబ్‌సైట్‌లో ఉన్న ఫోన్ నంబరుకి కాల్ చేసి హెచ్‌ఆర్ వాళ్ళని అడుగు. నాలుగు నిమిషాల పని.

సర్టిఫికెట్ల దగ్గర మన సరిహద్దువాళ్ళకి ప్రత్యేకమైన తలనొప్పులు ఉన్నాయి. ఒక దేశం సర్టిఫికెట్‌ని ఒక్క ముద్రతోనే ఇంకో దేశం ఒప్పుకునే అపోస్టిల్ ఒప్పందం ఒకటుంది, దుబాయ్ ఉన్న యూఏఈ అందులో లేదు, కాబట్టి డిగ్రీకి ముందు రాష్ట్రం ముద్ర, తర్వాత మన విదేశాంగ శాఖ ముద్ర, తర్వాత యూఏఈ ఎంబసీ ముద్ర పడాలి. రాష్ట్రం అంటే నువ్వు ఉంటున్న రాష్ట్రం అనుకునేవు, సర్టిఫికెట్ ఇచ్చిన యూనివర్సిటీ ఉన్న రాష్ట్రం. నీ ఎమ్మెస్సీకి ఒడిశా, నీ బీఈడీకి ఆంధ్ర. రెండు దారులు, రెండు ఖర్చులు, కన్సల్టెన్సీ వాడు ఒక్కటే అని చెప్పి తర్వాత రెండోదానికి మళ్ళీ అడుగుతాడు. విదేశాంగ శాఖకి మనం నేరుగా ఇవ్వడానికి లేదు, వాళ్ళు అనుమతించిన సంస్థల ద్వారానే ఇవ్వాలి, అందుకని కొన్నాళ్ళు ఒరిజినల్స్ చేయి దాటడం తప్పదు. అలాంటి సంస్థకి, ఆఫర్ చేతికొచ్చాక, రసీదు తీసుకుని ఇస్తే ఇబ్బంది లేదు. ఆఫర్ లేకముందే కన్సల్టెన్సీ బీరువాలో పెట్టడం వేరే సంగతి, నువ్వు మనసు మార్చుకున్న రోజున ఆ బీరువా తాళానికి రేటు చెప్తారు.

తర్వాత నీ పేరు. మన వైపు ఇంట్లో వాసంతి అయిన పిల్ల ఒడియా స్కూల్లో బాసంతి అయిపోతుంది. లక్ష్మిలో కేఎస్‌హెచ్ పోయి ఎక్స్ వస్తుంది. ఆంధ్రాలో చదివితే ముందుండే ఇంటిపేరు ఒడిశాలో చివరికి వెళ్తుంది. కటక్ బోర్డు మెట్రిక్ సర్టిఫికెట్, బరంపురం డిగ్రీ, శ్రీకాకుళం బీఈడీ, పాస్‌పోర్టు, నాలుగూ మంచం మీద పరిచి అక్షరం అక్షరం కలిపి చూసుకో. చిన్న తేడాకి అఫిడవిట్ సరిపోవచ్చు, పెద్ద తేడా అయితే ఇప్పుడే దిద్దించుకో, వీసా దగ్గర ఆగాక పరిగెత్తడం కష్టం.

ఇంకోటి, చెప్పకుండా ఉండలేను. ఐదేళ్ళుగా పాఠం చెప్తున్నాను అన్నావు, బీఈడీ రెండేళ్ళ రెగ్యులర్ కోర్సు. ఆ రెండేళ్ళు ఈ ఐదేళ్ళలోనే ఉన్నాయా? మన దగ్గర్నుంచి ఆంధ్ర కాలేజీల్లో చేరి పరీక్షలకి మాత్రమే వెళ్ళొచ్చేవాళ్ళ సంగతి అందరికీ తెలిసిందే, నీది అదేనని నేననను. కానీ ఎక్స్‌పీరియెన్స్ లెటర్ తారీఖులూ బీఈడీ తారీఖులూ ఒకదాని మీద ఒకటి పడితే అక్కడి హెచ్‌ఆర్ వాళ్ళు మొదట అడిగేది అదే. బీఈడీకి ముందు, తర్వాత చేసిన కాలమే అనుభవంగా రాయి. మూడేళ్ళే వచ్చినా నిలబడే మూడేళ్ళు ఉండాలి.

జీతం లెక్క. దిర్హాం 23 రూపాయలనుకుంటే 3,500 దిర్హాంలు 80 వేలు. వినడానికి బాగుంటుంది. ఇల్లు స్కూలు ఇస్తుందా అన్నది అసలు ప్రశ్న. ఇవ్వకపోతే గది కాదు కదా, అక్కడ వాళ్ళు బెడ్ స్పేస్ అంటారు, ఒక గదిలో నలుగురైదుగురు ఉంటే అందులో ఒక మంచానికి అద్దె, దానికే జీతంలో మంచి ముక్క పోతుంది. తిండి, బస్సు, ఫోను ఆ తర్వాత. ఏడాదికి ఒక విమానం టికెట్టు ఇస్తారా, వేసవి సెలవులకి జీతం ఉంటుందా, బేసిక్ ఎంత అని అడుగు. బేసిక్ ఎందుకంటే ఏడాది నిండిన ఉద్యోగికి, మొదటి ఐదేళ్ళ వరకు ఏడాదికి 21 రోజుల బేసిక్ చొప్పున గ్రాట్యుటీ వస్తుంది, బేసిక్ తగ్గించి అలవెన్సులు పెంచితే ఆ మేరకు పోయినట్టే. పాస్‌పోర్టు స్కూలు దగ్గర పెట్టమంటే పెట్టకు, అది నీ దగ్గర ఉండాల్సిన వస్తువు.

కన్సల్టెన్సీ లేకుండా దారి లేదా అంటే ఉంది, కొంచెం ఓపిక కావాలి. దుబాయ్‌లో ప్రైవేటు స్కూళ్ళ మీద అధికారం కేహెచ్‌డీఏ అనే సంస్థది, స్కూళ్ళ జాబితా వాళ్ళ వెబ్‌సైట్‌లో ఉంది, వాటిలో భారతీయ సిలబస్ చెప్పేవి విడిగా చూసుకోవచ్చు. ఒక్కో స్కూలు వెబ్‌సైట్‌లో కెరీర్స్ అనే పేజీ ఉంటుంది. ఇండియన్ స్కూళ్ళకి అక్కడ కొత్త ఏడాది ఏప్రిల్‌లో మొదలవుతుంది కాబట్టి దసరా దాటాక అప్లై చేయడం మొదలుపెట్టి సంక్రాంతి దాకా వదలకు. లెక్కల టీచర్లకి ఎక్కడైనా గిరాకీ ఉంటుంది. ఒక డెమో క్లాస్ ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకో, వెనక గోడ మీద క్యాలెండర్లు లేకుండా చూసుకో.

మోసం అనిపిస్తే విదేశాంగ శాఖ ప్రవాసీ సహాయ కేంద్రం టోల్ ఫ్రీ నంబరు 1800 11 3090. అమ్మ గాజులు అమ్మ చేతికే ఉండనీ.

ప్రశ్న: మాస్టారు గారూ, నేను ఫిజిక్స్ చెప్తాను, పదకొండేళ్ళ అనుభవం. ఇంగ్లండ్‌లో క్యూటీఎస్ అనే అర్హత ఇప్పించి ఉద్యోగం చూపిస్తామని హైదరాబాద్ ఏజెన్సీ ఒకటి నాలుగు లక్షలు అడుగుతోంది. నిజమేనా?
- పర్లాకిమిడి పాఠకుడు

జవాబు: క్యూటీఎస్ నిజం బాబూ, నాలుగు లక్షలే అబద్ధం. 2023 నుంచి మన దేశపు టీచర్లు కూడా ఇంగ్లండ్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో నేరుగా దానికి అప్లై చేసుకోవచ్చు, ఫీజు లేదు. 11 నుంచి 16 ఏళ్ళ పిల్లలకి లెక్కలు, సైన్సు, భాషలు చెప్పేవాళ్ళకి ఆ అవకాశం. మీ ఫిజిక్స్ అందులోకి వస్తుంది. అయితే క్యూటీఎస్ వస్తే వీసా వచ్చినట్టు కాదు, ఇక్కడే ఏజెన్సీలు రెండూ కలిపి చెప్పి జనాన్ని తికమక పెడుతున్నాయి. వీసాకి స్పాన్సర్ లైసెన్సు, అంటే విదేశీయుల్ని ఉద్యోగానికి పిలిపించుకునే అనుమతి, ఉన్న స్కూలు మిమ్మల్ని తీసుకోవాలి. ఆ లైసెన్సు ఉన్న సంస్థల జాబితా కూడా ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే ఉంది. పైగా ఉద్యోగం వెతికిపెట్టినందుకు అభ్యర్థి దగ్గర ఫీజు తీసుకోవడం బ్రిటన్‌లో ఏజెన్సీలకి నిషేధం.

ప్రశ్న: మా అమ్మాయికి అమెరికా స్కూల్లో ఉద్యోగం అంటున్నారు. అక్కడికి వెళ్ళాక రెండేళ్ళపాటు జీతంలో పదో వంతు ఏజెన్సీకి ఇవ్వాలని అగ్రిమెంటు. మంచి జీతమే కదా, పోతే పోయిందని మావారు అంటున్నారు.
- బరంపురం నుంచి ఒక తల్లి

జవాబు: సంతకం పెట్టించకండమ్మా. లూసియానా రాష్ట్రంలో ఇదే జరిగింది. 2007 నుంచి సుమారు 350 మంది ఫిలిప్పీన్స్ టీచర్లని ఒక ఏజెన్సీ తీసుకెళ్ళింది. ఒక్కొక్కరికీ అయిన ఖర్చు దాదాపు 16,000 డాలర్లు, అదంతా కట్టాక జీతంలో వాటా కూడా రాయించుకుంది, అప్పుల్లో మునిగిన టీచర్లు నోరెత్తలేకపోయారు. వాళ్ళు కోర్టుకెళ్తే 2012 డిసెంబరులో జ్యూరీ 45 లక్షల డాలర్లు ఇప్పించమంది. గెలిచారు, కానీ ఎన్నేళ్ళ తర్వాత! మీ అమ్మాయిని జే-1 అనే తాత్కాలిక ఎక్స్ఛేంజ్ వీసా మీద పంపుతామంటే, అమెరికా విదేశాంగ శాఖ గుర్తించిన స్పాన్సర్ ఎవరో పేరు అడగండి, ఆ జాబితా బహిరంగంగానే ఉంది. ఆ దారిలో వెళ్ళడానికి రెండేళ్ళ బోధనా అనుభవం కావాలి, అది మీ అమ్మాయికి ఉందా లేదా రాయలేదు మీరు. స్పాన్సర్ ఫీజు అంటూ కొంత ఉంటుంది, అది ఎంతో ముందే చెప్పాలి. జీతంలో వాటా మాత్రం ఎవరడిగినా వద్దనండి.

ప్రశ్న: తెలుగు పండితుణ్ణి. తెలుగు చెప్పడానికి విదేశాల్లో ఉద్యోగాలు ఉంటాయా?
- జయపురం పాఠకుడు

జవాబు: మారిషస్ బడుల్లో తెలుగు చెప్తారు గానీ ఎక్కువగా అక్కడి తెలుగువాళ్ళే చెప్తారు. అమెరికాలో పిల్లలకి తెలుగు నేర్పే మనబడి లాంటివి స్వచ్ఛంద సేవ మీద నడుస్తున్నాయి, జీతాలు ఉండవు. తెలుగు టీచరుగా పంపిస్తామని ఏ ఏజెన్సీ అయినా డబ్బు అడిగితే ఇవ్వకండి. అక్కడి తెలుగు కుటుంబాల పిల్లలకి ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో చెప్పడానికి మాత్రం అవకాశం బాగానే ఉంది. గంటకింత అని మీరే మాట్లాడుకోవచ్చు. వాళ్ళ సాయంత్రం మనకి తెల్లవారుజాము, లేవగలరా చూసుకోండి.