బొమ్మలో చర్మం బురదరంగుకి తిరుగుతోందా?

ప్రశ్న: మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి ఆయిల్ రంగుల్లో ముఖచిత్రం వేస్తున్నాను. గంట గడిచేసరికి చర్మం బురదరంగుకి తిరుగుతోంది. తెలుపు కలిపితే సుద్ద పూసినట్టుంటోంది. ఏ రంగులు కొనాలి?

జవాబు: ఏవీ కొనకండి. ఉన్నవాటిలో కొన్ని పక్కన పెట్టండి. స్వీడన్ చిత్రకారుడు ఆండర్స్ జోర్న్ పేరు మీద వాడుకలో ఉన్న పాలెట్‌లో (అంటే ఎంచుకున్న రంగుల సెట్‌లో) నాలుగే రంగులు: తెలుపు, ఎల్లో ఆకర్ (మట్టి పసుపు), వెర్మిలియన్ (మెరిసే ఎరుపు), ఐవరీ బ్లాక్ (నలుపు). వెర్మిలియన్ బదులు కాడ్మియం రెడ్ లైట్ చాలు. ఐవరీ బ్లాక్‌లో తెలుపు కలిపితే నీలి ఛాయ వస్తుంది, కాబట్టి నీలం లోటు తెలియదు.

అయినా బురదకి మూలం రంగుల్లో లేదు. వెలుగునీడలు తేలకముందే చర్మం రంగు కోసం వెతుకుతూ, తడి రంగు మీద కుంచె పదేపదే తిప్పడం వల్ల వస్తుందది. ముందు, ఈ తొలి పొరకి మాత్రం, బర్న్ట్ అంబర్‌ని (ముదురు గోధుమ రంగు) టర్పెంటైన్‌తో పల్చన చేసి నీడలన్నీ విడదీయకుండా ఒకే ఛాయలో వేయండి. కళ్లు సగం మూసి ముఖాన్ని, బొమ్మని మార్చిమార్చి చూడండి. రెండింట్లో వెలుగునీడల తేడా ఒకేలా కుదిరాకే వెలుగుకి, మధ్యఛాయకి, నీడకి మూడు రంగు ముద్దలు విడివిడిగా కలుపుకోండి. కుంచెలూ వేరే ఉండాలి. కుంచెతో ఒకసారి వేశాక దాన్ని వదిలేయండి.

తెలుపు కలిపితే ఏ రంగైనా లేతబడుతుంది, చల్లబడుతుంది కూడా, అంటే నీలివైపు మొగ్గుతుంది. అందుకే వెలుగు వైపు తెలుపుతో పాటు కాస్త ఆకర్, ఎరుపు చేర్చాలి. నీడలో తెలుపు దాదాపు వద్దు. బురదైపోయిన చోటుని దిద్దుతూ కూర్చోవడం దండగ. పాలెట్ నైఫ్‌తో గీకి, గుడ్డతో తుడిచి, మళ్లీ వేయండి.

ప్రశ్న: విరామం తర్వాత మనిషి పాత భంగిమలోకి రావడం లేదు.

జవాబు: 20 నిమిషాలు కూర్చోబెట్టి 5 నిమిషాలు లేవనివ్వండి. మొదటి విరామానికి ముందే కుర్చీ కాళ్ల దగ్గర, పాదాల చుట్టూ టేపు అంటించండి. చూపు నిలవడానికి ఎదురు గోడ మీద ఒక గుర్తు పెట్టండి. మొదటి పది నిమిషాల్లో మెడ కాస్త వాలుతుంది. వాలాక నిలిచిందే అసలు భంగిమ, గీతలు అప్పుడు ఖాయం చేయండి. నవ్వమని మాత్రం అడగకండి, ఎవరికీ అంతసేపు నిలవదు. ఎండ నేరుగా పడని కిటికీ వెలుతురు మేలు.

ప్రశ్న: ఆరాక ముదురు రంగులు వెలిసినట్టున్నాయి. వార్నిష్ వేసేయనా?

జవాబు: ఇప్పుడే వద్దు. అడుగు పొర నూనె పీల్చుకుంది, అంతే. పైపొర చేతికి అంటనంతగా ఆరాక ఒక చుక్క లిన్సీడ్ (అవిసె గింజల) నూనె రుద్ది, మిగిలింది పూర్తిగా తుడిచేయండి. నూనె నీటిలా ఆవిరి కాదు, ఆక్సిజన్‌తో కలిసి నెమ్మదిగా గట్టిపడుతుంది. కాబట్టి వార్నిష్‌కి కనీసం ఆరు నెలలు ఆగాలి. తుడిచిన గుడ్డల్ని ముద్దగా పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకోగలవు. నీళ్లలో ముంచి, మూత ఉన్న ఇనుప డబ్బాలో వేయండి.