ట్యూబులో నానో, సాక్సులో వెండి

ప్రశ్న: జర్మనీ నుంచి మా తమ్ముడు తెచ్చిన సన్‌స్క్రీన్ ట్యూబు మీద టైటానియం డయాక్సైడ్ పక్కన 'నానో' అని ఉంది. ఈతకు వెళ్లే మా అమ్మాయికి రోజూ అదే రాస్తున్నాను. ఆ కణాలు రక్తంలో కలుస్తాయా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: నానో పదార్థం వాడిన సౌందర్య సాధనాల లేబుల్ మీద ఆ సంగతి చెప్పి తీరాలన్న నిబంధన 2013 జూలై నుంచి ఐరోపా సమాఖ్యలో అమలులో ఉంది కనుక ఆ మాట అక్కడ కనిపిస్తోంది, అది ప్రమాద హెచ్చరిక కాదు. సాధారణంగా 1 నుంచి 100 నానోమీటర్ల (నానోమీటరంటే మీటరులో వంద కోట్లవ వంతు) లోపు ఉండే కణాలను నానో కణాలంటారు. టైటానియం డయాక్సైడ్‌ను అంత సన్నగా నూరితే ముఖానికి తెల్లటి పూత కనిపించదు, ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే గుణం మాత్రం పోదు. అయితే ఒక సెంటీమీటరు ఘనాన్ని పది నానోమీటర్ల ముక్కలుగా చేస్తే ఆరు చదరపు సెంటీమీటర్ల ఉపరితలం కాస్తా ఆరు వందల చదరపు మీటర్లవుతుంది. రసాయన చర్యలు జరిగేది ఉపరితలం మీదే కనుక, పెద్ద కణం విషయంలో నిశ్చింతగా ఉన్నామని చిన్నదాన్నీ అలాగే నమ్మలేము. అందుకే తయారీదారులు ఈ కణాలకు సిలికా, అల్యూమినా వంటి పూతలు వేస్తారు.

ఆరోగ్యకరమైన చర్మం మీద రాసినప్పుడు ఈ కణాలు పైనున్న మృతకణాల పొరలోనే ఆగిపోతున్నాయని ఇప్పటిదాకా జరిగిన అధ్యయనాలు చూపుతున్నాయి. కాబట్టి క్రీము మానేయనక్కరలేదు. స్ప్రే, పౌడరు రూపాలు మాత్రం పిల్లలకు వద్దని నా సలహా, ఎందుకంటే ఊపిరితిత్తుల లోతుల్లో చర్మం వంటి దట్టమైన అడ్డుగోడ లేదు. పీల్చిన టైటానియం డయాక్సైడ్ ధూళి ఎలుకల్లో కణితులు కలిగించిందన్న ఆధారంతోనే అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ దీనిని 'మనుషుల్లో కేన్సర్ కలిగించే అవకాశం ఉన్న' పదార్థాల జాబితాలో చేర్చింది. తినే దారి వేరు: తినుబండారాలకు తెల్లరంగునిచ్చే ఇదే పదార్థం జన్యువులకు హాని చేయదని తేల్చి చెప్పలేమని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2021లో ప్రకటించగా, మరుసటి ఏడాది ఆ సమాఖ్య ఆహారంలో దాని వాడకాన్ని నిషేధించింది.

ప్రశ్న: వాసన రాని నానో వెండి సాక్సులు మంచివేనా?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: మీ పాదాలకంటే ఉతికిన నీళ్ల గురించే నాకు ఎక్కువ అనుమానం. 2008లో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు ఉతికి చూసినప్పుడు కొన్ని సాక్సులు కొద్ది ఉతుకుల్లోనే దాదాపు వెండంతా వదిలేశాయి, మరికొన్ని దాదాపు ఏమీ వదలలేదు. వాసన పుట్టించే బ్యాక్టీరియాను చంపే వెండి అయాన్లు (విద్యుదావేశం ఉన్న వెండి పరమాణువులు) నీటిలోని సూక్ష్మజీవులకూ విషమే. మురుగునీటి శుద్ధి కేంద్రానికి చేరిన వెండిలో ఎక్కువ భాగం గంధకంతో కలిసి, అంత చురుకు లేని సిల్వర్ సల్ఫైడ్‌గా బురదలో మిగులుతుంది. శుద్ధి లేకుండా నేరుగా చెరువులో కలిసే కాలువకు ఆ వెసులుబాటు లేదు. నూలు సాక్సులు రోజూ మార్చుకోండి, చాలు.