తొమ్మిది లక్షల కారుకు పాతిక లక్షల కారు ఖర్చు

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నిజాంపేటలో సొంత ఫ్లాటు. నెలకు చేతికి 1.60 లక్షలు వస్తాయి. ఇంటి అప్పు వాయిదా 54,000, ఇద్దరు పిల్లల ఫీజులు నెలకు లెక్కేస్తే 30,000, ఇంటి ఖర్చులు, పెట్రోలు కలిపి 40,000, అమ్మానాన్నలకు 10,000, సిప్ 15,000. పీఎఫ్ కాక 7 లక్షల ఎఫ్‌డీ ఉంది. ఇప్పుడు 2017 స్విఫ్ట్ పెట్రోలు కారు వాడుతున్నాను. అమ్మితే 3.75 లక్షలు వస్తాయంటున్నారు. మా బావమరిది కుటుంబంతో సహా ఆస్ట్రేలియా వెళ్ళిపోతున్నాడు. తన 2013 బీఎండబ్ల్యూ 520డి కారును నాకు 9 లక్షలకు ఇస్తానంటున్నాడు. 96,000 కిలోమీటర్లు తిరిగింది. స్విఫ్ట్ అమ్మి, మిగతా సొమ్ము ఎఫ్‌డీలోంచి తీసి కొనాలనుకుంటున్నాను. ఏడాదికి 10,000 కిలోమీటర్లు తిరుగుతాను. దీన్ని పోషించగలనా?
– ఒక పాఠకుడు, నిజాంపేట

జవాబు: ఇప్పటి పరిస్థితిలో వద్దు. అలాగని కారు చెడ్డదని నేను అనను. 520డి నడపడానికి హాయిగా ఉండే కారు. దాని గేరుబాక్సు జెడ్ఎఫ్ అనే జర్మన్ సంస్థది, అదే గేరుబాక్సును ఇంకా కొన్ని ఖరీదైన కంపెనీలు కూడా వాడాయి. పైగా అమ్మేది బావమరిది. సర్వీసింగ్ బిల్లులన్నీ ఇంట్లోనే ఉంటాయి, మీటరు వెనక్కి తిప్పారేమోనన్న అనుమానం అక్కర్లేదు. పాత కార్ల బజారులో ఈ రెండూ ఒకచోట దొరకడం అరుదు. నా అభ్యంతరమంతా మీరు రాసిన అంకెలతోనే.

2013లో ఆ కారు ధర నలభై లక్షలు దాటింది. ఇప్పుడు తొమ్మిదికి దిగింది. ధర దిగిందన్న కబురు మాత్రం దాని వాటర్ పంపుకు, ఇంజెక్టర్లకు, హెడ్‌లైట్లకు ఎవరూ చెప్పలేదు. అవి ఇప్పటికీ నలభై లక్షల కారు విడిభాగాలే. మీ స్విఫ్ట్‌కు ఏ పార్టు కావలసివచ్చినా రాణిగంజ్‌లో నాలుగు దుకాణాలు తిరిగి బేరమాడవచ్చు. దీనికి ఆ వెసులుబాటు తక్కువ. కొన్ని పార్టులకు ఆర్డరు పెట్టి వారాల తరబడి ఎదురుచూడాలి, ఈలోగా ఆఫీసుకు క్యాబ్ ఖర్చు వేరే.

96,000 కిలోమీటర్లు తక్కువే కదా అంటారు. ఇంజనుకు తక్కువే. కానీ రబ్బరు గొట్టాలు, సస్పెన్షన్ బుష్‌లు, ఇంజను చుట్టూ ఉండే ప్లాస్టిక్ భాగాలు కిలోమీటర్లు చూసి ముసలివి కావు, ఏళ్లు చూసి అవుతాయి. పన్నెండు వేసవులు హైదరాబాదు ఎండలో గడిపిన రబ్బరు ఎలా ఉంటుందో, మీ మిద్దె మీది నీళ్ల పైపు వాషరు చూసినా తెలుస్తుంది.

ఈ కారుకే ప్రత్యేకమైన విషయం ఒకటుంది. 2013 నాటి 520డిలో ఉండేది ఎన్47 అనే డీజిల్ ఇంజను. వాల్వులు, పిస్టన్లు లయ తప్పకుండా చూసే టైమింగ్ చెయిన్ చాలా కార్లలో ఇంజనుకు ముందువైపు ఉంటే, ఇందులో వెనకవైపు, గేరుబాక్సును ఆనుకొని ఉంటుంది. అది అరిగితే గేరుబాక్సునో ఇంజనునో దించితే తప్ప చెయ్యి పట్టదు. చెయిన్ ఖరీదు కన్నా దాని దగ్గరికి చేరడానికయ్యే కూలీ ఎక్కువ. పట్టించుకోకుండా నడిపి అది తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజనే పోతుంది. తొలి ఏళ్ల ఎన్47 ఇంజన్లలో ఈ బాధ ఎక్కువ, తర్వాతి వాటిలో తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. ఆ పని పడితే లక్షన్నర నుంచి రెండు లక్షల మధ్య పెట్టుకోమంటాను. ఇక గేరుబాక్సు ఆయిలు జీవితాంతం మార్చనక్కర్లేదని కారు కంపెనీ చెబుతూ వచ్చింది. గేరుబాక్సు తయారుచేసిన జెడ్ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. నేనైతే తయారుచేసినవాడి మాటే వింటాను. మీ బావమరిది కారు సరిగ్గా ఆ మైలురాళ్ల మధ్యే ఉంది. మార్చకపోయి ఉంటే ఆ ఖర్చు మీ మొదటి ఏడాదికే వస్తుంది. టైర్లు రన్‌ఫ్లాట్ రకం, అంటే గాలి పోయినా కొంత దూరం నడిచేవి. నాలుగు టైర్లకు ముప్పావు లక్ష సిద్ధంగా ఉంచుకోవాలి. బ్యాటరీ మారిస్తే ఆ సంగతి కారు కంప్యూటర్‌లో కూడా నమోదు చేయించాలి, కాబట్టి వీధి చివరి బ్యాటరీ దుకాణంతో పని జరగదు.

నా సొంత గోడు కొంచెం చెబుతాను. పదేళ్ల వయసున్న పెద్ద కారు ఒకటి నేనూ నడిపాను. కంపెనీ పేరు ఎందుకులెండి. ఒకరోజు పొద్దున్నే సెల్లార్‌లోకి దిగితే వాచ్‌మన్ ఎదురొచ్చి ‘గాలి పోయింది సార్’ అన్నాడు. చూస్తే కారు ఎడమ ముందు మూల నేలకు వంగి, మోకాలు నొప్పితో కూర్చున్న పెద్దమనిషిలా ఉంది. టైరు చూస్తే రాయిలా గట్టిగా ఉంది. గాలి పోయిన మాట నిజమే, పోయింది టైరులోంచి కాదు, స్ప్రింగుకు బదులు గాలితో నిలబడే సస్పెన్షన్ సంచిలోంచి. మెకానిక్ వచ్చి సబ్బు నీళ్లు పూస్తే రబ్బరు మడతలో సన్నగా బుడగలు. కంటికి కనబడని చీలిక. దానికి అప్పుడు నేను కట్టిన బిల్లు డెబ్బై వేలు దాటింది. మూడు నెలలకు కుడివైపుదీ పోయింది, అదీ జూన్ నెలలో, పిల్లల ఫీజులు కట్టాల్సిన వారంలో. మీరడిగే కారుకు మామూలు స్ప్రింగులే, ఈ జబ్బు దానికి రాదు. ఈ కథ ఎందుకు చెప్పానంటే, ఇలాంటి కారు ఏడాదికి సగటున ఇంత తింటుందని లెక్క వేయడం తేలికే. ఆ సగటు నెలకింత చొప్పున రాదు. పది నెలలు ఊరుకుని, ఒక్కసారిగా లక్షన్నర అడుగుతుంది.

ఇక ఐదేళ్ల లెక్క. మొత్తం 50,000 కిలోమీటర్లు, అంచనాలు నావి. 9 లక్షల్లో ఐదేళ్ల తర్వాత రెండున్నర తిరిగొస్తే గొప్ప. ఎందుకంటే 2028లో రిజిస్ట్రేషన్‌కు 15 ఏళ్లు నిండుతాయి. ఆపైన ఫిట్‌నెస్ పరీక్ష చేయించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి, గ్రీన్ టాక్స్ కట్టాలి. ఆ వయసు డీజిల్ కారును కొనేవాళ్లను వెతుక్కోవాలి. అంటే తరుగు 6.5 లక్షలు. ఊళ్లో లీటరుకు 11 కిలోమీటర్లు, డీజిల్ 96 రూపాయలు అనుకుంటే ఇంధనానికి 4.36 లక్షలు. బీమా లక్షన్నర. నమ్మకమైన బయటి షెడ్డులో ఏటా మామూలు సర్వీసింగ్ 28,000 చొప్పున 1.4 లక్షలు. టైర్లు, బ్యాటరీ కలిపి లక్ష. రిజిస్ట్రేషన్ పొడిగింపు వగైరాలకు ఒక పదివేలు. మరమ్మతులకు 5 లక్షలు. మొత్తం దాదాపు 20 లక్షలు, కిలోమీటరుకు 40 రూపాయలు. ఇదే పద్ధతిలో మీ స్విఫ్ట్‌ను లెక్కేస్తే కిలోమీటరుకు 16 రూపాయలు కూడా పడదు.

ఇంకో పోలిక కూడా వేసి చూశాను, ఫలితం నాకే వింతగా అనిపించింది. రోడ్డు మీదికి వచ్చేసరికి 25 లక్షలయ్యే కొత్త డీజిల్ కారు ఐదేళ్లలో సగం విలువ పోగొట్టుకుంటుంది అనుకుందాం, అది పన్నెండున్నర. ఇంధనం, బీమా, సర్వీసింగ్, టైర్లు కలిపి ఇంకో ఏడున్నర, ఎనిమిది. అదీ 20 లక్షలే. వడ్డీ సంగతి రెండు చోట్లా పక్కన పెట్టాను. అంటే మీరు తొమ్మిది లక్షల కారు కొంటున్నాననుకుంటున్నారు కానీ, జేబు మీద పడే బరువు పాతిక లక్షల కారుదే. ఇప్పుడు మిమ్మల్ని మీరే అడగండి: ఈ జీతంతో, ఈ ఇంటి అప్పుతో పాతిక లక్షల కారు కొనేవారా?

దీన్నే మీ బావమరిది అటు తిప్పి వాదించవచ్చు. ‘కొత్త కారు కొన్నవాడూ అంతే పోగొట్టుకుంటున్నాడుగా, అదేదో బీఎండబ్ల్యూలో తిరుగుతూ పోగొట్టుకుంటే తప్పేమిటి?’ అని. తప్పు లేదు, డబ్బున్నవారికి. కొత్త కారు విలువ నిద్రలో కరిగిపోతుంది, అమ్మేరోజు దాకా మనకు తెలియదు. పాత కారు షెడ్డు నుంచి ఫోను చేయించి మరీ అడుగుతుంది, ఆ రోజే కట్టాలి. తరుగును పక్కనపెట్టి చేతి నుంచి పోయే డబ్బే చూస్తే ఈ కారుకు నెలకు 22,000 పైగా, స్విఫ్ట్‌కు 9,000. తేడా 13,000. మీరు రాసిన ఖర్చులన్నీ పోగా నెలకు మిగిలేది 11,000. మొదట కోతపడేది సిప్‌కే. పైగా ఎఫ్‌డీలోంచి 5.25 లక్షలు తీస్తే మిగిలేది 1.75 లక్షలు. మీ ఇంటి ఒక్క నెల ఖర్చే దాదాపు లక్షన్నర. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉండి, నెల రోజుల పైచిలుకు నిల్వతో, చెయిన్ ఎప్పుడు చప్పుడు చేస్తుందోనని చెవి ఒగ్గి కారు నడపడం... దానికన్నా స్విఫ్ట్‌లో ఏసీ వేసుకుని వెళ్లడమే దర్జా.

బీమా ఆదుకుంటుందనుకోకండి. అరిగిపోయినవాటికి, పాడైనవాటికి బీమా ఎటూ రాదు. గుద్దుకున్నప్పుడు కూడా పదేళ్లు దాటిన కారుకు లోహపు భాగాల మీద సగం కోత, రబ్బరు, ప్లాస్టిక్ భాగాల మీద వయసుతో నిమిత్తం లేకుండా సగం కోత. ఆ కోత లేకుండా చేసే జీరో డిప్రిసియేషన్ కవరు ఈ వయసు కారుకు సాధారణంగా ఇవ్వరు. థర్డ్ పార్టీ ప్రీమియం కూడా 2022 జూన్ రేట్ల ప్రకారం 1500 సీసీ దాటిన కార్లకు 7,897 రూపాయలు, మీ స్విఫ్ట్ తరగతికి 3,416. వాన నీటిలో ఇంజను ఆగిపోతే ప్రత్యేక కవరు లేనిదే పైసా రాదు. 2020 అక్టోబరు వానలకు నగరంలో ఎన్ని సెల్లార్లు చెరువులయ్యాయో మీకు తెలియనిది కాదు.

డబ్బు లెక్కలోకి రాని ఖర్చు ఒకటుంది. పరాయివాడి దగ్గర కొన్న కారు చెడిపోతే వాడిని తిట్టుకుని ఊరుకుంటాం. బావమరిది దగ్గర కొన్నది మూడో నెలలో రెండు లక్షల బిల్లు తెస్తే, ఆ మాట మీ డైనింగ్ టేబుల్ దగ్గర ఎన్నేళ్లు నలుగుతుందో నేను చెప్పలేను, మీ శ్రీమతి చెప్పగలరు.

ఏమైతే సరేనంటాను? స్విఫ్ట్ అమ్మకుండా ఉండాలి, ఇలాంటి కారు ఇంట్లో రెండోదిగానే బాగుంటుంది. ఆరు నెలల ఖర్చులకు 9 లక్షలు విడిగా ఉండాలి. కారు కొన్నాక దాని పేరిట ఇంకో రెండున్నర లక్షలు కదపకుండా పెట్టి, నెలకు 8,000 చొప్పున అందులో వేస్తూ పోవాలి. ఇవన్నీ మీకు ఇప్పట్లో లేవు.

ఇంత చెప్పినా కొనే తీరతారనే అనుమానం నాకుంది, బీఎండబ్ల్యూ కావాలన్న మనిషి ప్రశ్న రాసే తీరు నాకు తెలుసు. కాబట్టి ఇవి గుర్తుంచుకోండి. రాత్రంతా ఆపి ఉంచిన కారును పొద్దున్నే, ఇంజను చల్లగా ఉండగా, బయటి మెకానిక్ ముందు స్టార్ట్ చేయించండి. ముందే స్టార్ట్ చేసి ఉంచవద్దని బావమరిదికి చెప్పండి. ఇంజను వెనకవైపు నుంచి గరగరమనే చప్పుడు వస్తే అక్కడితో ఆపేయండి. కారును మీ పేరుకు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు, అప్పు ఉంటే బ్యాంకు నుంచి అభ్యంతరం లేదన్న పత్రం (ఎన్ఓసీ) ఆయన విమానం ఎక్కేలోపే పూర్తికావాలి, మెల్‌బోర్న్ నుంచి సంతకం తెప్పించుకోవడం తలనొప్పి. బీమాను 14 రోజుల్లో మీ పేరుకు మార్పించండి. క్లెయిము చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అదే నో క్లెయిమ్ బోనస్, కారుతోపాటు రాదు, అది ఆయనది.

ఇది కాకపోతే ఢిల్లీ నుంచి ఇంకా చవగ్గా తెప్పిస్తామనే ఏజెంటు ఎవరైనా తగిలితే మాత్రం వినకండి. పదేళ్లు దాటిన డీజిల్ కార్లు రాజధాని ప్రాంతంలో తిరగరాదన్న ఆదేశాన్ని 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది, ఆ తర్వాత అక్కడివి చవగ్గా దక్షిణాదికి వచ్చాయి. ఎన్ఓసీ, తెలంగాణ లైఫ్ టాక్స్ కలిపాక ఆ చవక ఎంతో మిగలదు.

స్విఫ్ట్‌కు నాలుగు కొత్త టైర్లు, మంచి సీటు కవర్లు వేయించండి, ముప్పై అయిదు వేలలో అయిపోతుంది. బావమరిదికి ‘పిల్లల చదువులు దగ్గరకొచ్చాయి’ అని చెప్పండి, అది నిజమే కాబట్టి మొహమాటం అక్కర్లేదు. ఆయన ప్రయాణం రోజుకు కారు ఇంకా అమ్ముడుపోకపోతే, శంషాబాద్ దాకా దించి వచ్చే పని మీరు తీసుకోండి. తాళాలు మామగారికి అప్పగించేది ఎలాగూ రాత్రికే కదా, తిరుగు ప్రయాణంలో ఔటర్ మీద కాస్త తాపీగా రండి.